ఋషికేశ్‌లో ఒక్కరోజు రాఫ్టింగ్: దసరా సెలవులకి మా ప్లాన్ చూసి చెప్పండి

శ్రీను_భీమవరం
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో హరిద్వార్, ఋషికేశ్ వెళ్తున్నాం. మొత్తం ఎనిమిది మందిమి: అమ్మ, నాన్న (ఇద్దరికీ 65 దాటాయి), నేను, మా ఆవిడ, అబ్బాయి (16), అమ్మాయి (13), బావమరిది, వాళ్ళావిడ. ఋషికేశ్‌లో మూడు రోజులుంటాం. అందులో ఒకరోజు గంగలో రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవలో నది దిగడం) పెట్టుకున్నాం. మాలో ఈత వచ్చింది అబ్బాయికి ఒక్కడికే. బావమరిది 108 కిలోలు, బీపీ మాత్ర వేసుకుంటాడు. నెట్‌లో చూస్తే 9, 16, 24, 36 కిలోమీటర్లని నాలుగు రకాలు కనిపిస్తున్నాయి. 24 తీసుకుందామని అబ్బాయి పట్టు పడుతున్నాడు. ఏది మాకు సరిపోతుంది? ఏ వేళకి ఎక్కాలి? బుక్ చేసేటప్పుడు ఏం అడగాలి?

డూన్_తెలుగు
శ్రీను గారూ, ముందు పాప సంగతి తేల్చుకోండి. అక్కడ 14 నిండనివాళ్ళని రాఫ్ట్ ఎక్కించకూడదు. "ఏం కాదు, 14 అని రాసేయండి" అనే ఏజెంట్లు దొరుకుతారు, ఆ మాట వినకండి. పెద్దల కొలతకి కుట్టిన లైఫ్ జాకెట్ సన్నటి పిల్లలకి వదులవుతుంది. నీళ్ళలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. ఆ నిబంధన అందుకే పెట్టారు.

పాపని అమ్మ నాన్నలతో వశిష్ఠ గుహకి పంపండి. బదరీనాథ్ రోడ్డు మీదే, ఋషికేశ్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు, శివపురి దాటాక వస్తుంది. మధ్యాహ్నం కొన్ని గంటలు మూసి ఉంచుతారు, వేళలు ముందురోజే కనుక్కోండి. రోడ్డు నుంచి గుహ దాకా మెట్లు దిగాలి, నాన్నగారి మోకాళ్ళు చూసుకుని నిర్ణయించుకోండి.

ఇక ఆ నాలుగు రకాలూ ఒకే నది మీదివి. అన్నీ కిందికి ఋషికేశ్‌కే వస్తాయి, ఎంత పైనుంచి ఎక్కుతారన్నదే తేడా. బ్రహ్మపురిలో ఎక్కితే 9-10 కిలోమీటర్లు, గంట, గంటన్నర. శివపురిలో ఎక్కితే 16, రెండు రెండున్నర గంటలు. మెరీన్ డ్రైవ్ అనే చోట ఎక్కితే 24-26, నాలుగు గంటల దాకా. కౌడియాల నుంచైతే 35-36, రోజంతా అదే పని. దూరంతో పాటు ర్యాపిడ్‌ల (నీళ్ళు అలలు లేస్తూ వేగంగా ఉరికే చోట్ల) తీవ్రత కూడా పెరుగుతుందని మీ అబ్బాయికి చెప్పండి.

కృష్ణా_తీరం
పై మాటకి కొంచెం చేర్పు. ర్యాపిడ్‌లని ఒకటి నుంచి ఆరు దాకా లెక్కగడతారు. ఒకటి అంటే చిన్న అలలు, ఆరు అంటే మామూలుగా ఎవరూ దిగనిది. శివపురి నుంచి కిందికి ఎక్కువగా రెండు, మూడు తరగతులవి: రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్. మెరీన్ డ్రైవ్ కింద త్రీ బ్లైండ్ మైస్ ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి మూడు విరుపులు, మొదటి దాంట్లో పడిన మనిషిని రెండోది వచ్చేలోగా లాక్కోవడానికి వ్యవధి తక్కువ. కౌడియాల దారిలో 'ది వాల్' నాలుగో తరగతి. నీరు ఎక్కువగా ఉన్న రోజు అలవాటు లేనివాళ్ళని అక్కడ గైడ్లు ఒడ్డునే నడిపించి దాటిస్తారు.

ఇప్పుడు నెల చూద్దాం. జూలై, ఆగస్టుల్లో వరదకి రాఫ్టింగ్ మూసేస్తారు. సెప్టెంబరు రెండో సగంలో తెరుస్తారు, జూన్ ఆఖరు దాకా నడుస్తుంది. దసరా అంటే తెరిచిన కొత్తలోనే. నీళ్ళు ఇంకా బాగా ఉంటాయి, అలలు పెద్దవిగా ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లో నీరు తగ్గి రాళ్ళు బయటపడతాయి, అప్పుడు వాటిని తప్పిస్తూ రాఫ్ట్‌ని తిప్పే పని ఎక్కువ. అదే 16 కిలోమీటర్లు ఏప్రిల్‌లో ఒక రకం, అక్టోబరు మొదట్లో ఇంకో రకం. మొదటిసారి, ఐదుగురిలో నలుగురికి ఈత రాదు, అక్టోబరు నీళ్ళు. నా ఓటు శివపురికే. మీరు వెళ్ళే ముందు రెండు మూడు రోజులు పైన చమోలీ, రుద్రప్రయాగ వైపు గట్టి వాన పడి ఉంటే బ్రహ్మపురికి తగ్గించుకోండి. నది రంగు చూసినా తెలుస్తుంది: పచ్చగా ఉంటే సరే, బురద రంగులో కర్రలూ చెత్తా కొట్టుకొస్తుంటే ఆ రోజుకి మానేయడం మేలు.

వేళ: పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య నీళ్ళలో దిగేలా చూసుకోండి. మధ్యాహ్నం దాటాక లోయలో గాలి కింది నుంచి పైకి వీస్తుంది. ర్యాపిడ్‌ల మధ్య నీరు నిలకడగా ఉన్న చోట్ల ఆ ఎదురుగాలికి తెడ్డు వేసి వేసి భుజాలు పడిపోతాయి. సెలవుల్లో ఋషికేశ్ పక్కనున్న తపోవన్ నుంచి శివపురి దాకా రోడ్డు మీద జీపుల బారు కూడా పెరుగుతుంది. శని, ఆదివారాలు తప్పించండి.

శ్రీను_భీమవరం
చాలా థాంక్స్ అండి. పాప రాదు, శివపురి ఖాయం. అంటే ఎక్కేది ఐదుగురం. ఈత రాకపోతే పర్వాలేదా? బోటు తిరగబడితే ఏం చెయ్యాలి? మా ఆవిడ భయమంతా అదే.

ఏటివాలు
ఈత రాకపోయినా ఎక్కొచ్చు, కానీ జాకెట్ విషయంలో ఒక్క వేలు కూడా వదులు ఉండకూడదు. అక్కడ గుట్టగా పడేసి ఉన్నవాటిలో చేతికి అందింది వేసుకోకండి. ముందు బకిల్స్ అన్నీ ఉన్నాయో లేదో చూడండి. లోపలి ఫోమ్ నొక్కితే తిరిగి ఉబ్బాలి, అణిగిపోయి పల్చగా ఉన్నది తేల్చదు. వేసుకున్నాక పట్టీలు నడుము దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి బిగించుకుంటూ రండి. భుజాల పట్టీలు ఆఖర్న. అప్పుడు పక్కవాళ్ళని రెండు భుజాల పట్టీలూ పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి ముక్కు దగ్గరికి వస్తే వదులన్నమాట, మళ్ళీ బిగించాలి, లేదా చిన్న సైజు అడగాలి. ఊపిరి తీసుకోవడానికి కాస్త బిగుతుగా అనిపిస్తే సరైన బిగింపు. హెల్మెట్ నుదుటి మీదికి దిగి ఉండాలి, గడ్డం కింద పట్టీ పెట్టాక తల ఊపితే కదలకూడదు.

మీ బావమరిది గారి బరువుకి భయం లేదు. నీళ్ళలో మనిషి శరీరమే చాలావరకు తేలుతుంది, జాకెట్ మోయాల్సింది మిగిలిన కొద్ది బరువే. చూసుకోవాల్సింది ఛాతీ చుట్టుకొలత. ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ జాకెట్ ఉందా అని బుకింగ్ నాడే ఛాతీ కొలత చెప్పి అడగండి. ముందు బకిల్ పడని జాకెట్‌తో ఎక్కొద్దు. రాఫ్ట్‌లో ఆయన ఒకవైపు మధ్యలో, మిగతావాళ్ళు ఆ బరువుకి సరిపడా రెండోవైపు.

కూర్చునేది రాఫ్ట్ లోపల కాదు, బయటి గాలి గొట్టం అంచు మీద. ముందరి పాదాన్ని అడ్డగొట్టం కిందికి గానీ, నేల మీదుండే పాదం తొడుగులోకి గానీ దూర్చాలి. బిగుసుకుపోయేలా కాదు, పడితే జారి బయటికి వచ్చేలా. తెడ్డు పైకొనకి టీ ఆకారంలో అడ్డపిడి ఉంటుంది, అరచెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉండాలి. రాఫ్టింగ్‌లో పళ్ళు విరగడం, పెదవి చిట్లడం లాంటివి ఎక్కువగా జరిగేది ఈ పిడి వదిలేసినప్పుడే. అల తాకగానే అది ఊగి పక్కవాళ్ళ ముఖానికి తగులుతుంది.

పెద్ద అల చూసి భయపడి తెడ్డు ఎత్తేస్తారు చాలామంది. అదే తప్పు. ముందుకి వేగం ఉంటేనే రాఫ్ట్ ముక్కు అలని చీలుస్తుంది. వేగం పోతే పక్కకి తిరుగుతుంది, పక్కకి తిరిగిన రాఫ్టే బోల్తా పడేది. పైగా నీళ్ళలో దిగిన తెడ్డు మూడో కాలిలా మనిషిని నిలబెడుతుంది. గైడ్ "ఫార్వర్డ్" అంటే ఏమైనా సరే వెయ్యాలి. "గెట్ డౌన్" అన్నప్పుడు మాత్రమే లోపలికి జారి, ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో టీ పిడి. ముందు కూర్చున్న ఇద్దరిని చూసి వెనకవాళ్ళు లయ కలపాలి, అందుకే ముందు మీ అబ్బాయి, మీరు.

నీళ్ళలో పడితే:
వెల్లకిలా తిరగండి. కాళ్ళు ప్రవాహం పోయే వైపుకి, వేళ్ళు నీటి పైకి కనిపించాలి. రాయి వస్తే పాదాలే ముందు తగులుతాయి. మోకాలి లోతు నీళ్ళే కదా అని లేచి నిలబడకండి. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీటి ఒత్తిడి మనిషిని ముందుకి వంచి ముంచేస్తుంది. ఒడ్డుకి చేరి, నీరు కదలని చోట, చేతులు నేలకి తగిలాకే లేవాలి.

తాడు విసిరితే చేతికి చుట్టుకోకండి. తాడుని ఛాతీ మీద పట్టుకుని, భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి, ముఖం పైకి పెట్టి ఉంటే మిమ్మల్ని లాగుతారు.

రాఫ్ట్ కిందికి వెళ్ళిపోతే రెండు చేతులూ పైకి పెట్టి గొట్టాన్ని తోసుకుంటూ ఒకే వైపు కదలండి, రెండు మూడు అడుగుల్లో బయటికి వస్తారు. అటూ ఇటూ మార్చుకుంటే లోపలే తిరుగుతారు.

పడినవాళ్ళని పైకి లాగేటప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. జాకెట్ భుజాల పట్టీలు రెండూ పట్టుకుని, మీ మోకాళ్ళు గొట్టానికి ఆనించి, వెనక్కి వాలిపోవాలి. వాళ్ళు కాళ్ళు కొట్టుకుంటూ సాయం చెయ్యాలి.

ఇవన్నీ ముందురోజు రాత్రి గదిలో ఒకసారి నోటితో చెప్పుకోండి. గైడ్ హిందీలో గబగబా చెప్పేస్తాడు, మీవాళ్ళకి హిందీ రాకపోతే సగం అర్థం కాదు. ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్, గెట్ డౌన్, జంప్ రైట్, జంప్ లెఫ్ట్. ఈ ఆరు మాటలూ అందరికీ కంఠతా ఉండాలి.

డా_లలిత
బీపీ గురించి. ఆ నీళ్ళు మంచువి. అలకనంద, భాగీరథి దేవప్రయాగలో కలిసి, ఇంకో 70 కిలోమీటర్లే ప్రవహించి ఋషికేశ్ చేరతాయి. ఎండగా ఉన్నా చల్లదనం పోదు. చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే రక్తనాళాలు ముడుచుకుని బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. ఊపిరి ఎగపీలుస్తారు, ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే నీళ్ళు మింగుతారు. పడగానే మొదటి నిమిషం చెయ్యాల్సింది ఊపిరిని మళ్ళీ అదుపులోకి తెచ్చుకోవడమే, ఆ తర్వాతే మిగతావి.

బీపీ మాత్రలతో అదుపులో ఉండి, రోజూ నడిచే అలవాటుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ బయలుదేరే ముందు ఆయన తన డాక్టర్‌ని అడగాలి. ఆ వారం రీడింగ్ చూసుకోవాలి, మాత్ర ఆ పొద్దున మానకూడదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, డిస్క్ నొప్పి ఉన్నవాళ్ళు, భుజం కీలు ఒకసారైనా జారినవాళ్ళు ఎక్కొద్దు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ గైడ్ దగ్గరి డ్రై బ్యాగ్‌లో (నీళ్ళు చొరని సంచి) పెట్టించాలి. ఫారంలో ఇవన్నీ నిజం రాయండి, సంతకం పెట్టేసి వెళ్ళిపోవద్దు.

టిఫిన్ గంటన్నర ముందు, తేలిగ్గా. ఆలూ పరాఠాలు నెయ్యి వేసి తినేసి ఎక్కితే వాంతులే. ముందురోజు రాత్రి మందు తాగినవాళ్ళు కూడా ఒడ్డునే ఉండటం మంచిది.

వరంగల్_వేణు
అన్నా, అందరూ ర్యాపిడ్ గురించే చెప్తున్నరు. నేను ఒడ్డు గురించి చెప్తా. జాకెట్, హెల్మెట్, గైడ్ అన్నీ ఉన్న రాఫ్ట్‌లో కన్నా, జాకెట్ విప్పేసి ఫోటోలకి రాళ్ళ మీద నిలబడ్డప్పుడే ప్రమాదం ఎక్కువ. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ డ్యామ్ నీళ్ళు వదిలితే, బియాస్ నది రాళ్ళ మీద ఫోటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకపోయిన్రు. గంగ మీద కూడా పైన టెహ్రీ, కోటేశ్వర్, శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌ది) డ్యామ్‌లు ఉన్నయి. కరెంటు కోసం నీళ్ళు వదిలితే మట్టం పెరుగుతది, వాన లేకపోయినా. పొద్దున పొడిగా ఉన్న ఇసుక మధ్యాహ్నానికి నీళ్ళల్ల ఉండొచ్చు.

కాబట్టి రాఫ్ట్ ఆగినప్పుడల్లా జాకెట్ విప్పొద్దు. అమ్మ, నాన్న, పాప ఇసుక ఒడ్డుల మీద స్నానానికి దిగొద్దు. స్నానం గొలుసులు కట్టిన ఘాట్‌లోనే, గొలుసు పట్టుకుని. త్రివేణి ఘాట్ సరిపోతది.

మధ్యలో మ్యాగీ, టీ అమ్మే చోట ఆపి కొండరాయి మీది నుంచి దూకమంటరు. దూకొద్దు. పొట్ట కొట్టుకునేటోళ్ళు, వెన్ను పట్టేటోళ్ళు అక్కడ చాలామంది. వెనక క్యూ ఉంటది కాబట్టి తొందరపెడతరు. మీ అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి, అక్కడికి పోయినాక ఆపలేరు. నిలకడ నీళ్ళల్ల తాడు పట్టుకుని దిగనిస్తరు కదా, అది చాలు, బాగుంటది కూడా.

డూన్_తెలుగు
వేణు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక బుకింగ్.

రోడ్డు మీద బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ సొంత రాఫ్ట్‌లు ఉండవు. డబ్బు తీసుకుని ఇంకొకరికి అప్పజెప్పేవాళ్ళు చాలామంది. అందుకని రాఫ్ట్ ఎవరిది, ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ పర్మిట్ ఎవరి పేరున ఉంది అని అడగండి. గైడ్ లైసెన్స్ కార్డు ఎక్కే ముందు చూపించమనండి, మంచి గైడ్ ఎవరూ నొచ్చుకోరు. రసీదు మీద కిలోమీటర్లు కాదు, ఎక్కే చోటు పేరు రాయించుకోండి. "16 కిలోమీటర్లు" అని డబ్బు తీసుకుని సగం దారిలోనే దింపే సంగతి సెలవుల రద్దీలో జరుగుతుంటుంది. "శివపురి" అని రాసి ఉంటే వాదన ఉండదు.

రాఫ్ట్‌లో గైడ్ కాక ఎనిమిది మంది దాకా ఎక్కుతారు. మీరు ఐదుగురు కాబట్టి ఇంకో ముగ్గురు కలుస్తారు, తాగి వచ్చిన గుంపు అయితే ఎక్కనని చెప్పే హక్కు మీకుంది. పక్కన రక్షణ కయాక్ (ఒక్కరు నడిపే సన్నటి చిన్న పడవ) వస్తుందా అని తప్పక అడగండి. ఈత రానివాళ్ళు నలుగురున్న రాఫ్ట్‌కి అది లేకుండా వద్దు. పడినవాళ్ళ దగ్గరికి ముందు చేరేది కయాకే. గైడ్ దగ్గర తాడు సంచి, ప్రథమ చికిత్స పెట్టె కనిపించాలి. వీడియోకి వేరే డబ్బు ఉంటుంది, అది కూడా ముందే తేల్చుకోండి, నది మధ్యలో బేరం పెడతారు. ప్రయాణ బీమా ఉంటే సాహస క్రీడలు అందులో కలిశాయో లేదో చదవండి, చాలా పాలసీల్లో కలవవు.

పద్మజ_విశాఖ
ఆడవాళ్ళకి: చీర, చున్నీ, జీన్స్ ఏదీ వద్దు. తడిసినా త్వరగా ఆరే, జారని పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు. పై జేబులు, వేలాడే తాళ్ళు ఉండకూడదు. జుట్టు కింద జడ వేసుకుని జాకెట్ లోపలికి, హెల్మెట్ కింద ముడి పట్టదు. గాజులు, నల్లపూసలు, ఉంగరాలు, వేలాడే చెవిదిద్దులు గదిలోనే. మెట్టెలు బిగుతుగా ఉంటే ప్లాస్టర్ చుట్టేయండి. సూత్రాలు తియ్యనంటే, పొట్టి పసుపుతాడుకి మార్చుకుని టీషర్టు లోపల పెట్టండి. పొడుగు గొలుసు జాకెట్ బకిల్‌కి పడుతుంది, లాగేటప్పుడు మెడ కోసుకుంటుంది. నెలసరి ఆ రోజే అయితే కప్పు గానీ టాంపన్ గానీ వాడాలి, ప్యాడ్ పది నిమిషాల్లో నానిపోతుంది.

చెప్పులు వద్దు, మొదటి అలకే పోతాయి. వెనక పట్టీ ఉన్న శాండిల్స్, లేదా పాత కాన్వాస్ బూట్లు. దిగాక మార్చుకోవడానికి బట్టలు, తువ్వాలు ఒకే సంచిలో సర్ది పెద్దవాళ్ళ కారులో ఉంచండి. రాఫ్టింగ్ వాళ్ళ జీపులో పెడితే అది ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం.

మణి_నిజాంపేట్
అందరికీ ఒక ప్రశ్న. హైదరాబాద్ నుంచి ఇంత దూరం ఎందుకు, దాండేలి (కర్ణాటక), కోలాడ్ (మహారాష్ట్ర) చాలవా?

కృష్ణా_తీరం
రాఫ్టింగ్ ఒక్కటే లెక్కైతే చాలు. దాండేలి దగ్గర గణేశ్‌గుడిలో కాళీ నది, సూపా డ్యామ్ నీళ్ళు. కోలాడ్‌లో కుండలిక, భీరా విద్యుత్ కేంద్రం వదిలే నీళ్ళు. రెండూ రెండు, మూడు తరగతులే, నీళ్ళు కూడా ఇంత చల్లగా ఉండవు. కోలాడ్‌లో నీళ్ళు వదిలేది పొద్దున కాబట్టి ముందురోజు రాత్రికే అక్కడికి చేరాలి, ఆలస్యమైతే నదిలో రాఫ్ట్ నడిచేంత నీరు ఉండదు. శ్రీను గారిది తీర్థయాత్ర, రాఫ్టింగ్ దారిలో కలిసొచ్చింది. వాళ్ళకి ఋషికేశే సరి.

శ్రీను_భీమవరం
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇలా అనుకున్నాం: బుధవారం. ఏడింటికి టిఫిన్, ఎనిమిదిన్నరకి తపోవన్ ఆఫీసు, తొమ్మిదింటికి జీపు, పది లోపు శివపురి నుంచి. అమ్మ, నాన్న, పాప వేరే కారులో వశిష్ఠ గుహ చూసుకుని పన్నెండున్నరకి మేం దిగే చోటికి వస్తారు. రెండు చిన్న ప్రశ్నలు. మా ఆవిడకి మైనస్ నాలుగు కళ్ళజోడు, తీస్తే ఏమీ కనపడదు. లెన్స్ పెట్టుకోవచ్చా? దిగేది ఎక్కడ?

డా_లలిత
లెన్స్ వద్దు. నది నీళ్ళు కంటికి కొడితే ఊడిపోతుంది, ఊడకపోతే ఆ నీటిలోని క్రిములు లెన్స్ వెనక చిక్కుకుని కంటికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కళ్ళజోడే పెట్టుకుని, వెనక సాగే పట్టీ కట్టుకోమనండి, కళ్ళజోళ్ళ షాపులో దొరుకుతుంది. పాత జత ఉంటే అది వాడమనండి.

డూన్_తెలుగు
ప్లాన్ బాగుంది, ఒక్క సవరణ. గుహకి వెళ్ళే కారు మీతో పాటు తొమ్మిదింటికి కాకుండా ఎనిమిదింటికే బయలుదేరనివ్వండి. శివపురి దగ్గర రాఫ్ట్‌లు దింపే జీపులతో రోడ్డు ఇరుకవుతుంది, తిరిగొచ్చేటప్పుడు కూడా అంతే.

దిగేది చాలావరకు నిమ్ బీచ్. కొన్నిసార్లు రద్దీని బట్టి చోటు మారుస్తారు, కాబట్టి ఎక్కే ముందు గైడ్‌ని అడిగి డ్రైవర్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీ ఫోన్లు డ్రై బ్యాగ్‌లోకి వెళ్ళిపోయాక, రెండున్నర గంటలు ఎవరూ ఎత్తరని అమ్మగారికి కూడా అప్పుడే చెప్పండి. ఇసుక నుంచి రోడ్డుకి కాస్త ఎక్కాలి. పెద్దవాళ్ళని కిందికి దిగనివ్వకుండా రోడ్డు మీదే కారులో ఉండమనండి, తువ్వాళ్ళ సంచి పాపతో పైమెట్టు దాకా పంపిస్తే చాలు.